జెడ్ తర్వాతి వాళ్ళు

విర్త్సు రేవులో జనవరి. ఏడయినా తెల్లవారలేదు.
ఒడ్డున మంచు పెంకులు ఒకదాన్నొకటి ఒరుసుకుని
పళ్ళు కొరుకుతున్నాయి.
టికెట్ల గది అద్దం వెనక హెల్వె సరపూ
చేతి తొడుగులు విప్పకుండానే జాబితా తీసింది.
కిటికీ బయట అరవై ఒక్కరు.
కాగితం మీద నలభై ముగ్గురు.

మొదట కాగితాన్నే నమ్మింది, ఎవరమైనా అంతే.
తర్వాత మనుషుల్ని లెక్కపెట్టింది.

ఎస్తోనియాలో చాలా ఇంటిపేర్లు చెట్ల పేర్లే.
కూస్క్, లెపిక్, పిహ్లకస్, సార్...
ఇక్కడిదాకా అడవి ఉంది.
ఆపైన గొడ్డలి పడ్డట్టు ఖాళీ.
తోమింగ్ లేడు. ఉయ్‌బొ లేదు.
వాహెర్ కుటుంబం ఐదుగురూ, చంకలో పిల్లతో సహా, లేరు.

తల్లిన్‌లో నిద్రపోతున్నాడు ప్రీదిక్ ఆద్ల,
ఈ జల్లెడ అల్లినవాడు.
పేరులో మొదటి అక్షరం
ఏ నుంచి జెడ్ లోపల ఉండాలని రాశాడు.
రెండక్షరాల నడుమ ఒక అడ్డగీత, అంతే.
ఆ గీత కింద ఎవరెవరు తలదాచుకుంటారో
గీతకి తెలియదు. యంత్రాన్ని అడుగుతుంది.
యంత్రం ఊరినడుగుతుంది.
ఈ ఊరి బడిలో జెడ్ చివరిది కాదు,
ఎస్ పక్కనే దాని పీట.
టి, యు, వి దాని తర్వాత వచ్చి కూర్చుంటాయి.
ఇంట్లో ప్రీదిక్ కంప్యూటర్‌కి ఇంగ్లిష్ వరస.
పరీక్షకి సొంత పేరే కొట్టి చూసుకున్నాడు.
ఆద్ల. ఏ వరసలోనైనా ముందే ఉండే పేరు.

ఫోన్ మోగింది. దుప్పటిలోంచే చెప్పాడు:
"దాన్ని భాష మర్చిపొమ్మను.
ఉత్త అంకెల వరసలో నడవమను."
హెల్వె అతను చెప్పిన ముక్క కొట్టింది.
తోమింగ్ మొలిచాడు, ఉయ్‌బొ మొలిచింది,
వాహెర్లు ఒక్కసారే ఐదు చిగుళ్ళు.
అరవై.

(చలిదేశం గొడవ మనకెందుకని ఊరుకోలేక
మన లిపి మీదా ఆ గీత గీసి చూశాను,
అ నుంచి హ దాకా.
అచ్చులొచ్చాయి, హల్లులొచ్చాయి.
గుణింతాలూ ఒత్తుగీతా హ అవతల నిలబడిపోయాయి,
సున్న అ కంటే ముందే ఆగిపోయింది.
సముద్రాన్ని పోస్తే జల్లెడలో
సమదర మిగిలింది.)

అరవై ఒకటోది ఎర్నా ఔనపూ.
ఎనభై దాటిన మనిషి, చేతుల్లో కంబళి చుట్టిన గోడగడియారం,
లోపల లోలకం ఎటూ తేలక కొట్టుకుంటోంది.
ఆమె పేరు ఓ తో మొదలవుతుంది,
కానీ నెత్తిన చిన్న అల ఉన్న ఓ.
అంకెల వరసలో ఆ అల
జెడ్‌కి చాలా దూరాన, ఊరి బయట.
ఉయ్‌బొ అంటే ఆపిల్ చెట్టే, పల్లె మాటలో.
ఔనపూ అన్నా ఆపిల్ చెట్టే, బడి మాటలో.
ఒకటి పడవెక్కింది. ఒకటి చలిలో ఉంది.

"బడిలో హాజరప్పుడు నా పేరు చిట్టచివర్న వచ్చేది," అంది ముసలామె.
"అప్పటికి బయట ఆట మొదలైపోయేది.
అయినా పిలిచేవారు."

ఫోన్లో ప్రీదిక్ లేచి కూర్చున్న చప్పుడు.
యంత్రానికి దాని భాష తిరిగిచ్చేశాడు.
ఈసారి నీదే వరస అని అడగలేదు,
నువ్వు అక్షరానివేనా, అని మాత్రం అడిగాడు.
అది జవాబు వెతికేలోపు
పడవ కూత రెండుసార్లు వినిపించింది.

హెల్వె పెన్సిల్ తీసుకుంది.
జాబితా అడుగున, గీతల బయట, రాసింది.
తొడుగుల్లో వేళ్ళు మొద్దుబారి
ఆ అల కాస్త పెద్దదే పడింది,
పక్క పేరు మీదికి నురగ చిమ్మేంత.

ఎర్నా అద్దానికి కళ్ళు ఆనించి
తన పేరు రెండుసార్లు చదువుకుంది.
"గడియారానికి కూడా టికెట్ కావాలా?" అంది.